ప్లాస్టరు కింది బటను

ఊళ్లో ఎవరూ అడగనిది ఏదైనా లారీలో వచ్చి దిగిందంటే, ఎక్కడో ఒక పెద్దమనిషి ఫారిన్ వెళ్లి వచ్చాడని అర్థం చేసుకోవాలి. సూళగిరి పక్కనున్న ఆ తెలుగు మీడియం హైస్కూలుకు ఆర్కెస్ట్రా అట్లాగే వచ్చింది. అది ఎనభై ఆరో సంవత్సరం. హోసూరు చుట్టూ ఉన్న బీళ్లలో ఫ్యాక్టరీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న కాలం. వాటిలో ఒకదాని మేనేజింగ్ డైరెక్టరుగారు ఏదో చలిదేశంలో ఒక బడి చూశారట. పిల్లలంతా కుర్చీల్లో కూర్చుని వయొలిన్లూ బాకాలూ ఒక్కటిగా వాయిస్తుంటే, ముందు నిలబడినాయన పుల్ల పట్టుకుని గాలిని కొడుతున్నాడట. అది ఆయన మనసున పడింది. పెద్దవాళ్ల మనసున పడిందేదైనా చివరికి పేదవాళ్ల గుమ్మంలో పడక తప్పదు.

లారీలోంచి వయొలిన్లు, ట్రంపెట్లు, పెద్ద డ్రమ్ము, ఆంప్లిఫయరు, మైకులు దిగాయి. అన్నిటికంటే చివర, పెండ్లికూతురిలా గుడ్డ కప్పుకుని ఒక ఎలక్ట్రానిక్ కీబోర్డు దిగింది. చూడ్డానికి వచ్చిన పాపన్న అనే రైతు హెడ్మాస్టరు ఆదిశేషయ్యను పక్కకు పిలిచాడు.

"సార్, మా పాప పెండ్లికి ఈ బ్యాండుసెట్టు ఇస్తారా, లేకుంటే ఒసూరోళ్లనే పిలుచుకోవల్లనా?"

ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడకూడదు కాబట్టి, ఫ్యాక్టరీవాళ్లు ఒక సంగీతం మాస్టరును కూడా పెట్టారు. ఆయన పేరు నాగేశప్ప. తళి అనే ఊరి వైపువాడు. బెంగళూరులో వయొలిన్ నేర్చుకుని, నాటకాల కంపెనీల వెంట ఊరూరా తిరిగి, పెండ్లిళ్లలో కచేరీ కంటే ముందు భోజనాల పంక్తి ఎప్పుడు వేస్తారో కనుక్కోవడం అలవాటైన మనిషి. నెల జీతమన్నది ఆయన జీవితంలో ఇదే మొదలు. దానికీ ఒక మెలిక ఉంది. మరుసటి ఏడాది దసరాకు మేనేజింగ్ డైరెక్టరుగారు స్వయంగా వచ్చి పిల్లల వాద్యం వింటారు. నచ్చితే నాగేశప్ప ఉద్యోగం పర్మనెంటు. నచ్చకపోతే సామానంతా మళ్లీ లారీ ఎక్కి ఫ్యాక్టరీ క్లబ్బుకు పోతుంది, ఆయన ఎక్కడికి పోవాలో ఆయన ఇష్టం.

నాగేశప్ప భార్య నాగక్క అద్దె ఇళ్లలో ఎన్నడూ ఒక్క మొక్క కూడా నాటి ఎరగదు. నాటినది కోసుకునేలోగా మూట కట్టాల్సి వచ్చేది. ఈసారి మాత్రం పెరట్లో కరివేపాకు మొక్క నాటింది. అది చూసిన రోజు నుంచీ నాగేశప్పకు భయం మొదలైంది.

పుల్ల ఊపడం ఆయనకు తెలియదు. లారీతోపాటు వచ్చిన ఇంగ్లీషు స్వరాల పుస్తకం తిరగేసి చూస్తే, తీగ మీద వాలిన పిచ్చుకల్లా ఏవో చుక్కలు కనిపించాయి. పుస్తకం మూసి బీరువాలో పెట్టేశాడు. కుర్చీలు బయటికి తోయించి పిల్లల్ని నేల మీద చాపలేసి కూర్చోబెట్టాడు. నెలరోజులు వాయించనివ్వలేదు. చెప్పులు బయట విడవాలి, వాద్యానికి దండం పెట్టాలి, దాన్ని దాటి నడవకూడదు, ఇదే పాఠం. కరెంటు వైరు మాత్రం వాద్యం కాదా అని, దాన్ని కూడా దాటొద్దన్నాడు. దాంతో పిల్లలు ప్లగ్గును కళ్లకద్దుకుని మరీ గోడకు పెట్టేవాళ్లు. ఇది చూసి హెడ్మాస్టరు ముక్కు మీద వేలేసుకున్నాడు. కానీ ఏడాదంతా ఒక్క వైరూ తెగలేదు, ఒక్క ఫ్యూజూ పోలేదు.

ఒకసారి ఒక పిల్లవాడు మైకు పట్టుకుని స్పీకరు బాక్సు ముందుకు పోయేసరికి గూబలు పగిలేట్టు కూత వచ్చింది. పిల్లలు చెవులు మూసుకున్నారు.

"ఇది యెందుకు కూస్తాదో తెలుసునా?" అన్నాడు నాగేశప్ప. "మైకు చెప్పిందే బాక్సులో వస్తాది. అదే మైకు మళ్లీ వింటాది. వినిందే మళ్లీ చెప్తాది. తన మాటకు తానే మురిసిపోతావుంటే వచ్చేది కూతే, పాట కాదు."

సరిగ్గా అప్పుడే ఆదిశేషయ్య వరండాలో దగ్గుతూ పోయాడు. పిల్లలు ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు అర్థం కాలేదు. పాపం, ఆయన చెడ్డవాడు కాడు. ప్రతి ఉదయం ప్రార్థనలో అరగంట ఉపన్యాసం ఇచ్చే అలవాటు ఒక్కటే ఉండేది.

అసలు గండం మొదటి వారంలోనే వచ్చి పోయింది. కీబోర్డు మీద కుడి చివర ఒక చిన్న ఎర్ర బటను ఉండేది. దాన్ని నొక్కితే చాలు, మనిషి చెయ్యి తగలకుండా పెట్టె తనంతట తానే బాకాలూ వయొలిన్లూ డోళ్లూ మోగించి ఒక పూర్తి పాట వినిపించేది. అమ్మేవాళ్లు కొనేవాళ్లకు చూపించడానికి పెట్టుకున్న బటను అది. ట్రంపెట్టు పట్టిన పిల్లప్ప అనే తొమ్మిదో తరగతివాడు దాన్ని నొక్కాడు.

"ఇదే అంతా వాయిస్తాది గద సార్. మేము యెందుకు నేర్చుకునేది?" అన్నాడు.

నాగేశప్ప ఇంటికి పోయి, నాగక్క వేలికి కత్తిపీట తెగినప్పుడు కొన్న మందు ప్లాస్టరు తెచ్చి, ఆ బటను మీద అడ్డంగా అంటించాడు. "ఇది మనకు లేదనుకోండి" అన్నాడు. జవాబంటే అంతే. పక్కనే నిలబడిన హెడ్మాస్టరు మాత్రం ఆ పాటను మర్చిపోలేదు. ఆయనకు అది చాలా బాగా నచ్చింది.

ఆ పిల్లప్పే మరొక రోజు ట్రంపెట్టుకు సద్దిమూట తగిలించి గోడకు వేలాడదీశాడు. అప్పుడు నాగేశప్ప ఒక కథ చెప్పాడు. తన గురువుగారి తమ్ముడు గొప్ప నాదస్వరం విద్వాంసుడట. సరస్వతీ పూజనాడు వాద్యాన్ని పూజలో పెట్టి ఉండగా, ఎవరో జమీందారు అడిగాడని, దశమి రాకముందే తీసి వాయించాడట. మర్నాడు ఊదితే గాలి తప్ప నాదం రాలేదట. చచ్చేదాకా రాలేదట. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. గురువుగారికి తమ్ముడే లేడన్న సంగతి నాగేశప్పకు మాత్రమే తెలుసు.

ఇక వాళ్లు నేర్చుకున్న పాట సంగతి. వయొలిన్ వాయించే వరమ్మ గొర్రెలు మేపుకునే వాళ్ల పిల్ల. వాళ్ల అవ్వ దొడ్డమ్మ రాగులు విసురుతూ పాడే పాటొకటి ఉంది. నాగేశప్ప పోయి తిరగలి పక్కన కూర్చుని ఆ వరస పట్టుకున్నాడు. తిరగలి రాయి తిరిగే శబ్దం కీబోర్డుకు ఇచ్చాడు. అవ్వ పాట వయొలిన్లకు, పక్కింటి ఆడవాళ్లు అందుకునే ముక్క ట్రంపెట్లకు ఇచ్చాడు. దొడ్డమ్మ ఒకసారి వచ్చి విని, "రాయి ఇంత బిరబిరా తిరిగితే నూక పడతాది, పిండి పడదు, నిదానించమనప్పా" అంది. నిదానించారు. శ్రావణం నాటికి పాటకు ఒక ఆకారం వచ్చింది. భాద్రపదం నాటికి, పిల్లప్ప ఒక్కడు తొందరపడకపోతే, వినేవాళ్లు తల ఊపేలాగే ఉంది.

దసరా రానే వచ్చింది. మేనేజింగ్ డైరెక్టరుగారు విజయదశమి ఉదయం వస్తారని కబురు. అంతకంటే మంచి ముహూర్తం ఏముంటుంది? ముందు రోజు ఆయుధపూజ. ఆ రోజు హోసూరు, కృష్ణగిరి రోడ్డు మీద లారీల నుంచి తూకం రాళ్ల దాకా అన్నిటికీ బొట్టు పెడతారు. బడి హాల్లో వాద్యాలన్నీ వరసగా పెట్టి, పసుపు కుంకాలు అద్ది, పూలు చుట్టి, బొరుగులూ పుట్నాలూ బెల్లమూ నైవేద్యం పెట్టారు. ఆయా చెన్నమ్మ భక్తి ఎక్కువై కీబోర్డు మెట్లకు ఒక్కొక్కదానికీ గంధం బొట్టు పెట్టింది. దశమి ఉదయం పునఃపూజ చేసి తీస్తాం, అంతవరకూ ఎవరూ ముట్టుకోకూడదని నాగేశప్ప ప్రకటించాడు. పిల్లలు బొరుగులు నములుతూ తల ఊపారు.

మధ్యాహ్నం జీపు వచ్చింది. దిగినవాడు ఫ్యాక్టరీ పర్సనెల్ మేనేజరు ప్రసాదు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన మనిషి. మంచివాడు, ఎప్పుడూ హడావుడిగా ఉంటాడు.

"మాస్టారూ, ప్రోగ్రాం మారిందండీ. పెద్దాయన రేపు పొద్దున్నే మద్రాసు వెళ్లిపోతున్నారు. ఫ్యాక్టరీలో పూజ కాగానే ఇటే వస్తున్నారు. ఇంకో గంటలో ఇక్కడుంటారు. పిల్లల్ని రెడీ చెయ్యండి."

నాగేశప్ప పూజలో ఉన్న వాద్యాల వైపు చూశాడు. హెడ్మాస్టరు మాత్రం అప్పుడే చేతులు తట్టి, "లెయ్యండి, లెయ్యండి, అన్నీ తియ్యండి" అంటున్నాడు.

ఒక్కరూ లేవలేదు.

"వరమ్మా, వయొలిను తియ్యమ్మా" అన్నాడు హెడ్మాస్టరు.

వరమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది. "వద్దు సార్. పూజలో ఉండేది ముట్టుకుంటే వచ్చిందంతా పోతాది. సంగీతం సార్ చెప్పినారు."

"హెడ్మాస్టరును, నేను చెప్తావుండాను."

"మీకు సంగీతం రాదు కద సార్. మీకు పోయేదేముండాది?"

ఆ పిల్ల పొగరుగా అనలేదు. ఉన్నమాట అంది, అంతే. పిల్లప్ప పెదవులు తడుముకుంటూ, "ఊదితే గాలి వస్తే యెట్ల సార్? మా అమ్మ ఊరంతా చెప్పుకొనుండాది నాకు వాయించేది వచ్చునని" అన్నాడు.

హెడ్మాస్టరు నాగేశప్పను కిటికీ పక్కకు లాక్కెళ్లాడు. "ఏమప్పా ఇది? పునఃపూజ ఇప్పుడే ముగించేస్తే పోలేదా? పూజారిని పిలిపిస్తాను."

"పూజారి లారీ షెడ్డుల్లో ఉంటాడు సార్, రాత్రికి గానీ దొరకడు. దొరికినా దశమి రాకుండా పునఃపూజ యాడుంది?"

"అయితే నువ్వే చెప్పు వాళ్లకు. నీ మాటే వింటారు. ఉద్యోగం నీది, నాది కాదు."

నిజమే. ఒక్క మాట చాలు. ఆ కథ అబద్ధం, గురువుగారికి తమ్ముడే లేడు, మిమ్మల్ని బెదిరించడానికి కట్టి చెప్పానంటే సరిపోతుంది. నాగేశప్ప పిల్లల ముందుకు పోయి నోరు తెరిచాడు. చాప మీద గొర్రెలవాళ్ల పిల్లలు, కూలివాళ్ల పిల్లలు, ఏడాది కిందట వయొలిన్ను ఏ కొస పట్టుకోవాలో తెలియని పిల్లలు. అందరి ముఖాల్లోనూ ఒకటే భయం. ఆ భయం ఏమిటో ఆయనకు అప్పుడు తెలిసింది. పోతుందని భయపడాలంటే ముందు తమ దగ్గర ఏదో ఉందని నమ్మాలి. వాళ్ల ఇళ్లలో పోతుందని భయపడేటంత విలువైనది అంతకుముందు ఏమీ లేదు. ఈ పిల్లలు తమ దగ్గర ఒక విద్య ఉందని నమ్మారు. ఏడాదిగా ఆయన నేర్పాలనుకున్నది ఇదేనని ఆయనకే తెలియదు.

ఆయన నోరు మూసుకున్నాడు. పెరట్లో కరివేపాకు మొక్క గుర్తొచ్చింది. అయినా మూసుకున్నాడు. ఎంత మూర్ఖుడో అని మీరనుకుంటే అనుకోండి, నేను అడ్డు చెప్పను.

"పిల్లోళ్లు చెప్పింది నిజమే సార్. ఈ పొద్దు కాదు" అన్నాడు.

ఆదిశేషయ్య నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడబోయి, సగంలో ఆగాడు. ఆయన చూపు కీబోర్డు మీద పడింది. కుడి చివర, చెన్నమ్మ గంధం పెట్టిన ప్లాస్టరు ముక్క మీద.

"నాగేశప్పా, పొద్దున ఈ హాల్లో ట్యూబులైటు వేసినామా లేదా?"

"వేసినాము."

"దానికి కూడా బొట్టు పెట్టినాము కదా. స్విచ్చు వేసేదానికి పూజ అడ్డం రాలేదు కదా."

నాగేశప్ప దీనికి జవాబు వెతికాడు. శాస్త్రంలో ట్యూబులైటు గురించి ఏమీ లేదు. "నా చేత్తో నేను వెయ్యను సార్" అన్నాడు.

"నువ్వెందుకప్పా? నేను లేనా?" అని హెడ్మాస్టరు ప్లాస్టరును గోటితో పీకేశాడు. కీబోర్డును తనే చాపల ముందుకు జరిపి, పిల్లల్ని దాని వెనక కూర్చోబెట్టాడు.

మేనేజింగ్ డైరెక్టరుగారు నొసట కుంకంతో, చేతిలో నిమ్మకాయతో వచ్చారు. అప్పటికే ఆ రోజు ఆయన చాలా యంత్రాలకు దండం పెట్టి అలసిపోయి ఉన్నారు. వాద్యాలు పూజలో ఉన్నాయనీ, ఈ ఒక్క ఐటెమ్ మాత్రం వినిపిస్తామనీ హెడ్మాస్టరు మనవి చేసుకుని, వేలు చాచి ఎర్ర బటను నొక్కాడు.

బాకాలు లేచాయి. వయొలిన్లు లేచాయి. కనిపించని డోళ్లు దడదడలాడాయి. పూజలో ఉన్న వాద్యం మోగేసరికి పిల్లలు గుండె గుభేలుమని కళ్లు మూసుకుని, చేతులు జోడించి, తప్పు మన్నించమని సరస్వతిని వేడుకోవడం మొదలుపెట్టారు. వరమ్మ కళ్లలో నీళ్లు కారుతున్నాయి. ఆ దృశ్యం చూసి మేనేజింగ్ డైరెక్టరుగారు కరిగిపోయారు. పాట ఆగాక ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడారు. ప్రసాదు తెలుగులో చెప్పాడు.

"ఇంత భక్తి ఎక్కడా చూడలేదంటున్నారండీ. ఆ దేశంలో నలభైమంది పిల్లలు, ఒక పుల్ల. ఇక్కడ ఒక్క వేలు. మన తెలివి మనకే తెలియదంటున్నారు. ఇంతకీ దీన్ని నడిపేదెవరని అడుగుతున్నారు."

"నేనే సార్" అన్నాడు ఆదిశేషయ్య. అబద్ధం కూడా కాదు. వేలికి గంధం ఇంకా అంటుకునే ఉంది.

సాయంత్రం ప్రసాదు మళ్లీ వచ్చాడు. ఈసారి జీపు దిగకుండానే పిలిచాడు. "మాస్టారూ, వాద్యాలన్నీ బడికే ఇచ్చేశారండీ. అద్దాల బీరువా కూడా పంపిస్తారట. కానీ... పెట్టె దానంతటదే వాయిస్తుంటే, నొక్కడానికి హెడ్మాస్టరుగారుండగా, వేరే పోస్టు దేనికన్నారు. ఈ నెలాఖరు వరకేనండీ. నేను చెప్పి చూశాను. నా మాట ఎవరు వింటారు?" అని, ఇంకేం చెప్పాలో తెలియక, చేతిలో ఉన్న ఫ్యాక్టరీ ప్రసాదం పొట్లం నాగేశప్ప చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఇంటికి పోయి చెబితే నాగక్క ఏడవలేదు. చెంబు పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడి, "చెట్టుకు నీళ్లు పొయ్యల్నా, వద్దా?" అని అడిగింది.

"పొయ్యి. దాని తప్పేముంది?" అన్నాడు.

విజయదశమి ఉదయం పిల్లలు స్నానాలు చేసి తడితలలతో వచ్చారు. ఎవరూ వినడానికి రారని వాళ్లకు తెలుసు. నాగేశప్ప పునఃపూజ చేసి, పూజ కలశాన్ని కాస్త ఉత్తరానికి జరిపి, వాద్యాలను ఒక్కొక్కరి చేతికీ అందించాడు. చెన్నమ్మ తడిగుడ్డతో మెట్ల మీది గంధం తుడిచింది. పిల్లప్ప ముందు ఒకసారి భయంభయంగా ఊదాడు. గాలి కాదు, నాదమే వచ్చింది. వాడు నవ్వాడు.

తరువాత వాళ్లు వాయించారు. తిరగలి నిదానంగా తిరిగింది. దాని మీద అవ్వ పాట లేచింది, పక్కింటి ఆడవాళ్లు అందుకున్నారు. పిల్లప్ప తొందరపడలేదు. ఎక్కడా నూక పడలేదు. నాగేశప్ప తొడ మీద వేస్తున్న తాళం ఎప్పుడు ఆగిపోయిందో ఆయనకే తెలియదు. ఏడుపు వచ్చింది, ఏడ్చాడు.

పాట ముగిశాక చూస్తే గుమ్మంలో ఆదిశేషయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో పళ్లెం, పళ్లెంలో ఆకులు, వక్కలు, అరటిపళ్లు, ఒక పంచె. ఆయన కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

"శానా బాగా వాయించినారప్పా" అన్నాడు మనస్ఫూర్తిగా. "అచ్చం మిషను వాయించినట్టే ఉండాది."

పిల్లలు సంతోషించారు.

"ఈ పొద్దు ఏ విద్య మొదలుపెట్టినా మంచిదంటారు కదా" అంటూ హెడ్మాస్టరు సిగ్గుపడుతూ పళ్లెం ముందుకు చాచాడు. "నిన్న నొక్కేసినాను గానీ, దాన్ని నడుమ ఆపేది యెట్లనో నాకు తెలియలేదు. నువ్వు పొయ్యేలోపల నాకు కాస్త నేర్పించి పోవల్ల. ఇందులో నువ్వే నాకు గురువు."

నాగేశప్ప పళ్లెం వైపు చూశాడు, బటను వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు. వరమ్మ వయొలిన్ను ఒళ్లో పెట్టుకుని, సార్ ఏమంటాడా అని చూస్తోంది.

"చెప్పులు బయట విడిచి రా సార్" అన్నాడు. "మొదటి నెల పాఠం అదే."